విజయవాడ, గుంటూరుల్లో తక్కువ ఖర్చుతో కౌన్సెలింగ్: ఎక్కడ మొదలుపెట్టాలి, ఏమని అడగాలి

మీరు రాసింది క్లుప్తంగా ఇదీ: సింగ్‌నగర్‌లో ఉంటారు. చెల్లెలు డిగ్రీ రెండో సంవత్సరం. రెండు మూడు నెలలుగా సరిగా నిద్ర లేదు, అన్నం సగంలో వదిలేస్తోంది, కాలేజీకి వెళ్లనంటోంది. నాన్నగారు ఆటో నడుపుతారు. ప్రైవేటులో వారానికో సిట్టింగ్ అంటే మీవల్ల కాదు. ఏదైనా సంస్థలో ఉచితంగానో తక్కువకో కౌన్సెలింగ్ దొరుకుతుందా, సర్కారు ఆసుపత్రికి వెళితే మాత్రలు చేతిలో పెట్టి పంపేస్తారా అన్నది మీ ప్రశ్న.

దొరుకుతుంది. అయితే కౌన్సెలింగ్ ఇచ్చే సంస్థ కోసం వెతకడంతో మొదలుపెట్టకండి. ముందు సైకియాట్రిస్ట్, అంటే మానసిక వైద్యుడు, ఒక్కసారి చూడాలి, కౌన్సెలింగ్ ఎక్కడన్నది ఆ తర్వాత తేల్చుకోవాలి. నిద్ర, ఆకలి, హుషారు మూడూ ఒకేసారి తగ్గినప్పుడు అది డిప్రెషన్ కావచ్చు, థైరాయిడ్ తగ్గడం వల్ల కావచ్చు, రక్తహీనత కూడా దానికి తోడై ఉండొచ్చు. ఈ వయసు అమ్మాయిల్లో రక్తహీనత ఎంత మామూలో మీకు తెలియంది కాదు. దిగులు, ఉద్రేకం మార్చి మార్చి వచ్చే బైపోలార్ జబ్బు కూడా చాలామందిలో మొదట దిగులు రూపంలోనే బయటపడుతుంది. దాన్ని మామూలు డిప్రెషన్ అనుకుని ఆ మాత్రలు మాత్రమే వాడితే మనిషి రెండో కొసకు, అంటే పట్టలేని ఉద్రేకంలోకి వెళ్లే ప్రమాదం ఉంది. ఏది ఏదో తేలకుండా పది సిట్టింగులు కూర్చున్నా కాలమే పోతుంది.

ఇంకో మాట. మన దగ్గర చాలామంది ముందు నరాల డాక్టర్ దగ్గరికి వెళతారు. న్యూరాలజిస్ట్ చూసేది ఫిట్స్, పక్షవాతం లాంటివి. మీరు వెళ్లాల్సింది సైకియాట్రీ ఓపీకి. ఈ తేడా తెలియకే స్కానింగులకు వేలు పోసి, రిపోర్టులు నార్మల్ అని చెప్పించుకుని, రోగం అలాగే ఉండగా ఇంటికొచ్చే కుటుంబాలు ఎన్నో.

మీకు అందుబాటులో మూడు చోట్లున్నాయి: సిద్ధార్థ మెడికల్ కాలేజీకి అనుబంధంగా ఉన్న విజయవాడ జీజీహెచ్ (ప్రభుత్వ జనరల్ ఆసుపత్రి), గుంటూరు మెడికల్ కాలేజీకి అనుబంధమైన గుంటూరు జీజీహెచ్, రెండు ఊళ్లకూ మధ్యలో మంగళగిరి ఎయిమ్స్. జీజీహెచ్‌లలో ఓపీకి డబ్బు కట్టక్కర్లేదు. ఎయిమ్స్‌లో నమోదుకు పది రూపాయలు. మీ ఇంటికి విజయవాడ జీజీహెచ్ దగ్గర, తరచుగా వెళ్లిరావాలంటే అదే నయం. కౌన్సెలింగ్‌లో దూరం చిన్న విషయం కాదు. ప్రయాణం తట్టుకోలేక మధ్యలో మానేసే వాళ్లుంటారు. రోగమేంటో తేలకపోతేనో, మొదటి మందు పనిచేయకపోతేనో ఎయిమ్స్‌లో రెండో అభిప్రాయం తీసుకోవచ్చు. మీ చెల్లెలికీ అమ్మకూ ఆర్టీసీలో స్త్రీశక్తి పథకం ఉంది. 2025 ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగు, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆధార్ చూపిస్తే టికెట్ ఉచితం. కాబట్టి తోడుగా అమ్మ వెళ్లినా బస్సు ఖర్చు లేదు, నాన్నగారి ఆటో కిరాయి ఒక పూట పోగొట్టుకోనక్కర్లేదు.

ఓపీ చీటీ కౌంటర్ దగ్గర ఉదయం ఎనిమిదిన్నర లోపే ఉండండి. ఆధార్, రైస్ కార్డు, ఇప్పటిదాకా వాడిన మందుల చీటీలు, రక్తపరీక్షలు చేయించి ఉంటే ఆ కాగితాలు, ఓటీపీ వచ్చే ఫోన్ దగ్గర పెట్టుకోండి. ఆభా నంబర్ (ఆరోగ్య ఖాతా సంఖ్య) ముందే ఫోన్‌లో చేసి ఉంచుకుంటే కౌంటర్ దగ్గర సమయం కలిసొస్తుంది. ఆర్‌ఎంపీ ఇచ్చిన మాత్రలుంటే ఖాళీ స్ట్రిప్పులు తీసుకెళ్లండి, ముఖ్యంగా నిద్రమాత్రలు. ఆల్ప్రజోలామ్ లాంటివి కొన్ని వారాలు వరసగా వాడితే శరీరం వాటికి అలవాటు పడుతుంది. ఆ సంగతి తెలియకుండా డాక్టర్ కొత్త మందు రాస్తే, పాతది ఒక్కసారిగా ఆగి, వణుకూ కంగారూ మొదలై కొత్త మందే చెడ్డదనిపిస్తుంది.

రద్దీ ఓపీలో డాక్టర్ ముందు మీకు దొరికే సమయం తక్కువ. అందుకే ఒక పేజీ రాసి తీసుకెళ్లండి. ఎప్పటి నుంచి మొదలైంది. నిద్ర పట్టడం లేదా, లేక పట్టాక తెల్లవారుజామున మూడింటికే మెలకువ వచ్చేస్తోందా. బరువు తగ్గిందా. నెలసరి సక్రమంగా వస్తోందా. ఒకప్పుడు ఇష్టంగా చేసినవి ఇప్పుడు చేస్తోందా. దీనికి ముందు ఎప్పుడైనా నాలుగైదు రోజులు నిద్ర లేకపోయినా అలసట లేకుండా, మాటలూ ఖర్చూ హద్దు దాటిన దశ ఉందా. ఈ చివరిది తప్పక రాయండి, బైపోలార్‌ని పట్టించేది అదే. ఇంట్లో, మేనమామల వైపు, బాబాయిల వైపు ఎవరికైనా ఇలాంటి జబ్బు వచ్చిందా అన్నదీ రాయండి. చనిపోవాలన్న మాట ఆమె నోట వచ్చిందా అన్నది కూడా. పేజీ ఇంట్లో వాళ్లు రాసినా, లోపలికి వెళ్లాక కొంతసేపు ఆమెను ఒంటరిగా మాట్లాడనివ్వమని డాక్టర్‌ని మీరే అడగండి. అన్న ముందు చెప్పలేనివి ఉంటాయి.

ఇక మాత్రలిచ్చి పంపేస్తారన్న మీ భయం గురించి. అది పూర్తిగా అబద్ధమని అనను. రద్దీలో కౌన్సెలింగ్ తనంతట తాను జరగదు, అడగాలి. మాటలతో చికిత్స చేసేది క్లినికల్ సైకాలజిస్ట్. డాక్టర్ చూశాక, లేచే ముందు ఈ మాట అనండి: ‘అమ్మాయిని క్లినికల్ సైకాలజిస్ట్‌కి రాయండి సార్, ఏ రోజు, ఏ గదిలో ఉంటారో ఓపీ చీటీ మీదే వేయండి.’ నోటిమాటగా సరేనంటే సరిపోదు, చీటీ మీద రాత ఉండాలి. వారంలో అన్ని రోజులూ సైకాలజిస్ట్ అందుబాటులో లేకపోతే అక్కడున్న సైకియాట్రిక్ సోషల్ వర్కర్‌ని అడగండి. బోధనాసుపత్రుల్లో పీజీ డాక్టర్లు కూడా విడిగా కూర్చుని మాట్లాడతారు. వాళ్లకు నేర్చుకోవాలన్న శ్రద్ధ ఉంటుంది, పైన ప్రొఫెసర్ పర్యవేక్షణ ఉంటుంది. పీజీ అని చిన్నచూపు వద్దు. మిమ్మల్ని చూసిన డాక్టర్ పేరు రాసిపెట్టుకుని, ఆ డాక్టర్ ఉండే యూనిట్ ఓపీ ఉన్న రోజే మళ్లీ వెళ్లండి. వెళ్లిన ప్రతిసారీ కొత్త డాక్టర్ పడితే ప్రతిసారీ కథ మొదటి నుంచి చెప్పాలి, కౌన్సెలింగ్ ఎప్పటికీ రెండో మెట్టు ఎక్కదు.

మందు రాశారంటే కేసు ముదిరిందని కాదు. ఒక మాదిరి నుంచి తీవ్రమైన డిప్రెషన్‌లో మందూ మాటా రెండూ కలిసి పనిచేస్తాయి. అసలు నిద్రే లేని మనిషి కౌన్సెలర్ చెప్పింది ఇంటికొచ్చి చేయలేదు కూడా. ఎస్సిటలోప్రామ్, సెర్ట్రలిన్, ఫ్లూక్సెటిన్ లాంటివి పని మొదలుపెట్టడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది, పూర్తి ఫలితానికి ఆరు వారాల దాకా. మొదటి వారం పది రోజుల్లో వికారం, కొంచెం కంగారు ఉండొచ్చు. మేలు ఇంకా కనబడదు, ఇబ్బంది మాత్రం కనబడుతుంది. చాలామంది ఆపేసేది సరిగ్గా అప్పుడే. పాతికేళ్ల లోపు వాళ్లలో తొలి వారాల్లో అస్థిమితం, చావు ఆలోచనలు పెరుగుతున్నాయేమో ఇంట్లో ఒకరు కనిపెట్టుకుని ఉండాలి. పెరిగితే తర్వాతి తేదీ దాకా ఆగకుండా అదే రోజు తీసుకెళ్లాలి. తేరుకున్నాక కూడా మందు కనీసం ఆరు నెలలు కొనసాగించమంటారు, ఆపేటప్పుడు మెల్లగా తగ్గిస్తారు. జీజీహెచ్ మందుల కౌంటర్‌లో ఉచితంగా ఇస్తారు. రాసింది ఆ రోజు లేదంటే బయట బ్రాండు కొనే ముందు జనౌషధి దుకాణంలో మందు పేరు చెప్పి అడగండి.

ఆసుపత్రికి తీసుకెళ్లే రోజు దాకా, ఆ తర్వాత కూడా, ఫోన్‌లో దొరికే సాయం టెలి మానస్. నంబర్ 14416. అది కలవకపోతే 1800 891 4416. 2022 అక్టోబరు 10న కేంద్రం మొదలుపెట్టింది, రాత్రీ పగలూ పనిచేస్తుంది, పైసా ఖర్చు లేదు, తెలుగులో మాట్లాడతారు. మొదట శిక్షణ పొందిన కౌన్సెలర్ మాట్లాడతారు, అవసరమనుకుంటే నిపుణులకు కలుపుతారు. మీ చెల్లెలు బయటికి రానని మొండికేస్తే, ముందు మీరే ఫోన్ చేయండి. ‘మా చెల్లెలు రానంటోంది, ఎలా ఒప్పించాలి, మా జిల్లాలో ఏ రోజు ఎక్కడికి తీసుకెళ్లాలి’ అని అడగొచ్చు. ఇంట్లో వాళ్లు అడిగినా చెబుతారు. కాకపోతే మళ్లీ చేసినప్పుడు అదే మనిషి దొరక్కపోవచ్చు. అందుకని వారం వారం సాగాల్సిన కౌన్సెలింగ్‌కు దీన్ని బదులుగా లెక్కవేయకండి. రెండు ఆసుపత్రి తేదీల మధ్య, అర్ధరాత్రి ఒంటిగంటకు గుండె దడదడలాడినప్పుడు, అప్పుడు దీని విలువ తెలుస్తుంది.

ఇప్పుడు సంస్థల సంగతి. ఏ సంస్థ దేనికి బాగా పనికొస్తుందో చూసి వెళ్లాలి. ఇంట్లో హింస, వేధింపు, ప్రేమ పేరుతో బెదిరింపు లాంటిది వెనక ఉంటే ‘సఖి’ వన్ స్టాప్ సెంటర్. మహిళా హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేస్తే జిల్లా కేంద్రానికి కలుపుతారు. కౌన్సెలింగ్, వైద్యం, న్యాయసాయం, పోలీసు సాయం ఒకే చోట ఉచితంగా అందించడమే దాని పని, అవసరమైతే ఐదు రోజుల దాకా ఉండటానికి చోటూ ఇస్తారు. మీ చెల్లెలి విషయంలో ఇదేమీ లేదని ముందే తీర్మానించుకోకండి. కాలేజీ అంటే ఒక్కసారిగా విముఖత వచ్చిందంటే అక్కడ ఎవరైనా ఇబ్బంది పెడుతున్నారేమో అమ్మో, దగ్గరి స్నేహితురాలో మెల్లగా అడగాలి. పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలకైతే 1098. పెద్దవాళ్ల ఒంటరితనానికి, ఆస్తి గొడవలకు 14567. తాగుడు, గంజాయి అయితే 14446. కుటుంబ తగాదా కోర్టు దాకా వెళ్లేలా ఉంటే జిల్లా న్యాయసేవాధికార సంస్థ, 15100.

స్వచ్ఛంద సంస్థల్లో విజయవాడలో వాసవ్య మహిళా మండలి 1969 నుంచి స్త్రీల, పిల్లల సమస్యల మీద పనిచేస్తోంది. ఇల్లు వదిలి రైల్వే స్టేషన్ చేరిన పిల్లల కోసం నవజీవన్ బాలభవన్ ఉంది. ఇలాంటి ఏ సంస్థకైనా వెళ్లే ముందు ఫోన్ చేసి నాలుగు విషయాలు అడగండి: కౌన్సెలింగ్ చేసేది ఎవరు, ఏం చదివారు, వారంలో ఏ రోజులు ఉంటారు, కేసు వాళ్ల స్థాయి దాటితే ఏ డాక్టర్ దగ్గరికి పంపుతారు. చివరిదానికి సూటిగా జవాబు లేకపోతే అక్కడ తీవ్రమైన సమస్య పెట్టుకోవద్దు. సంస్థల కౌన్సెలర్లు చాలావరకు ప్రాజెక్టు నిధుల మీద పనిచేస్తారు. ప్రాజెక్టు అయిపోతే మనిషి మారిపోతారు. ‘మీరు ఇక్కడ ఇంకా ఎన్నాళ్లుంటారు’ అని అడగడం అమర్యాదేమీ కాదు.

ప్రైవేటులోనూ ఫీజు తగ్గించే వాళ్లున్నారు, అడిగితేనే తగ్గిస్తారు. ‘మాకు నెలకు రెండు సిట్టింగులకే శక్తి ఉంది, మిగతా వారాలు ఇంటి దగ్గర చేయాల్సింది రాసిస్తారా’ అని అడగండి. ముందే పది సిట్టింగుల డబ్బు కట్టమంటే వద్దనండి. క్లినికల్ సైకాలజిస్ట్‌నని చెప్పుకునే వాళ్లకు రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నమోదు సంఖ్య ఉండాలి. ఆ సంఖ్య అడిగి, కౌన్సిల్ వెబ్‌సైట్‌లో చూసుకోవచ్చు. ఆన్‌లైన్ సర్టిఫికెట్ కోర్సు చేసి బోర్డు పెట్టిన వాళ్లు, హిప్నాటిజంతో ఇన్ని రోజుల్లో నయం చేస్తామనే వాళ్లు, ఎంబీబీఎస్ లేకుండానే అల్లోపతి మాత్రలిచ్చే వాళ్లు, ఈ ముగ్గురి దగ్గరా ఆగకండి.

సరైన కౌన్సెలింగ్ ఎలా ఉంటుందో తెలిస్తే మోసపోరు. తలుపు మూసిన గది, ముప్పావు గంట సమయం. మొదటి సిట్టింగ్ అంతా వినడం, అడగడం. రెండో మూడో సిట్టింగ్ అయ్యేసరికి ఏం సాధించాలో ఒక మాట అనుకుంటారు. అది చిన్నదిగా, కొలవగలిగేదిగా ఉంటుంది: పొద్దున ఏడింటికి మంచం దిగడం, వారంలో రెండు రోజులు కాలేజీలో మధ్యాహ్నం దాకా ఉండటం. ఇంటి దగ్గర రాయడానికి, చేయడానికి పని ఇస్తారు. ఆలోచనల తీరును సరిదిద్దే సీబీటీ అనే పద్ధతి మామూలుగా ఎనిమిది నుంచి పదహారు సిట్టింగులు. ధైర్యంగా ఉండమ్మా, ఎక్కువ ఆలోచించకు, నీకేం తక్కువ అని అరగంట చెప్పి పంపితే అది హితబోధ. ఆమె అది ఇంట్లో వినే ఉంటుంది. రెండు వారాలకోసారి డిప్రెషన్ ఎంత ఉందో కొలిచే పీహెచ్‌క్యూ-9 ప్రశ్నావళి నింపించమని అడగండి. గత రెండు వారాల గురించి తొమ్మిది ప్రశ్నలు, మొత్తం 27 మార్కులు, పది గానీ అంతకు మించి గానీ వస్తే ఒక మాదిరి డిప్రెషన్ ఉండే అవకాశం ఎక్కువ. మార్కు పదహారు నుంచి పదకొండుకు దిగితే ఆమెకు ఇంకా తేడా తెలియకపోయినా మీకు తెలుస్తుంది. ఆరు సిట్టింగులయ్యాక కూడా కదలకపోతే పద్ధతి మార్చాలని అడగాలి. అంతకుముందే చోటు మార్చకండి. ఈ దారిలో డబ్బు ఎక్కువగా కారిపోయేది ఫీజులో కాదు, రెండు సిట్టింగులకో చోటు మారుతూ ప్రతిచోటా మొదటి నుంచి మొదలుపెట్టడంలో.

ఆమె భద్రత సంగతి ఆసుపత్రి తేదీ దాకా ఆపేది కాదు, ఈ రాత్రికే చూడాలి. ‘బతకాలని లేదనిపిస్తోందా’ అని సూటిగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుట్టదు, మోస్తున్న మనిషికి చెప్పుకునే దారి దొరుకుతుంది. అవునంటే ఒంటరిగా వదలొద్దు. ఇంట్లో మాత్రలన్నీ ఒకరి దగ్గర తాళంలో ఉండాలి. ఊళ్లో పొలం ఉండి, మిర్చికో పత్తికో కొట్టిన పురుగుమందు, గడ్డిమందు ఇంట్లో నిల్వ ఉంటే వెంటనే ఇల్లు దాటించండి. గుంటూరు, పల్నాడు వైపు చదివే వాళ్లందరూ ఈ మాట గట్టిగా పట్టించుకోండి. ఆ ఘడియ దాటితే బతికేవాళ్లు ఎక్కువ, ఆ ఘడియలో చేతికందే వస్తువును బట్టే చాలాసార్లు ప్రాణం నిలిచేదీ పోయేదీ. ఏదైనా మింగితే ఉప్పునీళ్లు తాగించి కక్కించే ప్రయత్నం చేయకుండా 108కి ఫోన్ చేసి, ఆ డబ్బాతో సహా ఆసుపత్రికి వెళ్లండి. కేసవుతుందని దాచొద్దు. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017, 115వ సెక్షన్ ప్రకారం అలాంటి మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, శిక్షించకూడదు.

అదే చట్టంలో మీకు పనికొచ్చేవి ఇంకా ఉన్నాయి. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్న వాళ్లకు, కార్డు చేతిలో లేకపోయినా, ప్రభుత్వ ఆసుపత్రిలో మానసిక చికిత్స ఉచితంగా పొందే హక్కు ఉంది. చికిత్స వివరాలు గోప్యంగా ఉంచాలి. పెళ్లి సంబంధాల వేళ బయటపడుతుందని అమ్మ భయపడుతుంటే ఈ మాట చెప్పండి. అమ్మానాన్నల్లో ఎవరికైనా జీతంలో ఈఎస్‌ఐ (ఉద్యోగుల బీమా) కోత ఉంటే, అంటే నెల జీతం 21,000 లోపు ఉన్న ఉద్యోగమైతే, కుటుంబసభ్యులు గుణదల ఈఎస్‌ఐ ఆసుపత్రి ద్వారా వెళ్లొచ్చు. ఆరోగ్య బీమా పాలసీలు మానసిక జబ్బును శరీర జబ్బుతో సమానంగానే చూడాలి, కానీ మామూలు పాలసీల్లో ఆసుపత్రిలో చేరితేనే డబ్బు వస్తుంది. కౌన్సెలింగ్ ఫీజు రాదు, దాన్ని నమ్ముకుని లెక్కలు వేసుకోకండి.

కాలేజీని వదిలిపెట్టకండి. విశాఖలో నీట్ శిక్షణ తీసుకుంటున్న విద్యార్థిని మరణం కేసులో సుప్రీంకోర్టు 2025 జులైలో మార్గదర్శకాలు ఇచ్చింది. వంద మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలో అర్హత ఉన్న కౌన్సెలర్, సైకాలజిస్ట్ లేదా సోషల్ వర్కర్ కనీసం ఒకరుండాలి, టెలి మానస్ నంబర్ తరగతుల్లో, హాస్టళ్లలో కనబడేలా పెద్ద అక్షరాల్లో పెట్టాలి. కోచింగ్ సెంటర్లకూ ఇది వర్తిస్తుంది. ప్రిన్సిపాల్‌కు ఒక అర్జీ రాసి, కాలేజీ కౌన్సెలర్ పేరు, వాళ్లుండే వేళలు రాతపూర్వకంగా అడగండి. ఆ అర్జీలో చెల్లెలి జబ్బు వివరాలు రాయక్కర్లేదు. హాజరు తగ్గిపోతుందన్న బెంగ ఆమెను ఇంకా కుంగదీస్తుంది, కాబట్టి ఓపీ డాక్టర్‌ని ఇన్నాళ్లు చికిత్సలో ఉందని మాత్రమే ఉండే మెడికల్ సర్టిఫికెట్ మొదటి రోజే అడిగి తీసుకోండి. జెరాక్స్ కాలేజీలో ఇచ్చి, అందినట్టు రెండో కాపీ మీద తేదీతో సంతకం పెట్టించుకోండి. అసలు కాగితం చెల్లెలి ఫైలులో ఉండాలి.